రెక్క డొప్పల సీసాలు

మందుల పరీక్ష కార్యాలయం,
మూడో అంతస్తు, చివరి గది.
మార్చి 4

పిన్నీ,

ఫోను చేస్తే వినపడక నువ్వు అరుస్తావు, నువ్వు అరుస్తున్నావని నేను అరుస్తాను. చివరికి ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు. గుర్రం తన్నిన ఆ చెవికి ఉత్తరమే మేలు. ఇకమీద పదిహేను రోజులకోసారి మా వ్యాను నీ ఆసుపత్రికి ఐసు డబ్బా తెస్తుంది. మూతకి అతికించి నా ఉత్తరం ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు లోపల పేడ, మూత మీద నీ జవాబు పంపు.

పేడ అన్నానని నవ్వకు. ఇదేం ఉద్యోగమే అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. నీకైతే విప్పి చెప్పగలను. మందు పశువు లోపల ఏం చేస్తుందో నీకు తెలుసు. పశువు నుంచి బయటికొచ్చాక ఏం చేస్తుందో చూడటం మా పని. ఇప్పుడు నా బల్ల మీదికి నులిపురుగులకి వేసే కొత్త సూది మందు ఒకటి వచ్చింది. ఒక్కసారి వేస్తే నాలుగు నెలల దాకా పశువు కడుపులో పురుగు అనేది ఉండదట. కడుపులో పురుగుని చంపే మందు పేడలోకి దిగాక పేడపురుగుల పిల్లల్ని వదిలేస్తుందా అన్నది నా ప్రశ్న. పేడపురుగు లేకపోతే పేడ మట్టిలో కలవదు, కింద గడ్డి మొలవదు, ఆ పురుగుల్ని తిని బతికే పిట్టలకి తిండి దొరకదు. సెప్టెంబరు ఆఖరులోగా మేం ఏదో ఒకటి తేల్చి చెప్పకపోతే కంపెనీ ఇచ్చిన కాగితాల మీదే అనుమతి వెళ్లిపోతుంది. ఏ షరతూ లేకుండా, అన్ని మేత బీళ్లకీ.

నాకు కావలసింది ఒకే బీడులో ఒకే గడ్డి తినే పన్నెండు ఆవులు. చీటీలు తీసి ఆరింటి చెవికి ఎర్ర బిళ్ల, ఆరింటికి తెల్ల బిళ్ల వెయ్యి. ఎర్ర బిళ్లలకి సూది. తెల్ల బిళ్లలకి ఏ మందూ వద్దు. ఏ మందూ అంటే ఏ మందూ. రెండు పేడలూ ఇక్కడ నా బకెట్లలో పురుగులకి విడివిడిగా పెడతాను. తెల్ల బిళ్ల పేడలో పిల్లలు ఎలా పెరిగాయో చూస్తేనే ఎర్ర బిళ్ల సంగతి తేలేది.

నా సంతకంతో వెళ్లే మొదటి నివేదిక ఇది. ఎవర్ని అడగాలని ఆలోచించనే లేదు, నీ పేరే రాశాను. నీ ఆసుపత్రి వెనక గదిలో ఆడుకోనివ్వకపోతే నేనీ బల్ల దాకా వచ్చేదాన్నే కాదు.

నీ,
పేడపురుగు

*

పశువుల ఆసుపత్రి,
వెనక గది.
మార్చి 20

పేడపురుగుకి,

మొత్తానికి పేరు నిలబెట్టావు. ఆరేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ అన్నానికి పిలుస్తుంటే నువ్వు పేడకడి పక్కన గడ్డానికి చెయ్యి ఆనించుకుని కూర్చున్నావు. ఆ పేరు పెట్టానని మీ అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. నాది ముందుచూపని అక్కతో చెప్పు.

ఇక్కడంతా నువ్వు చూసినట్టే ఉంది. కుంటి బల్ల కింద అదే ఇటుక. కాంపౌండరుకి జుట్టు పోయింది, నోరు మాత్రం అలాగే ఉంది. మందుల గది వెంటిలేటరులో చిన్న గుడ్లగూబల జంట కాపురం ఇంకా సాగుతోంది. అవి తిని పారేసిన పేడపురుగుల రెక్క డొప్పలు కిందంతా నల్లగా మెరుస్తూ పడి ఉంటాయి. పొద్దున్నే చీపురు పట్టుకుని వాటి వంశాన్ని తిట్టడంతో కాంపౌండరు డ్యూటీ మొదలవుతుంది. తిడుతూనే ఒక్క డొప్ప పోకుండా ఏరి సీసాలో వేస్తాడు. నీ పదమూడో ఏట హాస్టలుకి వెళ్తూ, 'నేను లేనప్పుడు కూడా దాచండి' అన్నావు. ఎప్పటిదాకా అన్నది చెప్పి వెళ్లలేదు. నెలకో సీసా, సీసాకో చీటీ. అలమర నిండిపోయి దూదికి చోటు లేకుండా పోయింది.

నీ పని నిన్న మొదలుపెట్టాం. గోడ అవతల బీడులో పాలాయన ఆవులే, సరిగ్గా పన్నెండు. చీటీలు ఆయన చేతే తీయించాను. తెల్ల బిళ్ల పడ్డవాటిలో నల్లావు ఉంది, నిండు చూలాలు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎర్ర బిళ్లలకి సూది వేసి సిరంజి కడుక్కుంటుంటే పాలాయన, "మిగతా ఆరూ ఏం పాపం చేశాయి డాక్టరమ్మా?" అన్నాడు. సైన్సండీ అన్నాను. ఆయన నల్లావు వీపు నిమురుతూ, "సరే మరి, మీకు తెలుసు కదా," అన్నాడు. ఆ 'తెలుసు కదా' నాకు మింగుడుపడలేదు. చేతిలో మందుండి ఊరికే నిలబడటం ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.

పగిలితే పనికొస్తుందని కంపెనీ వాళ్లు ఒక సీసా ఎక్కువే పంపారు, ఫ్రిజ్‌లో పెట్టాను. పేడ వచ్చే డబ్బా నుంచి పంపుతాను. తిండి మానేసి పురుగుల్ని మేపకు.

పిన్ని

*

మూడో అంతస్తు, చివరి గది.
మే 8

పిన్నీ,

మూడు డబ్బాలూ అందాయి. ఏ ఆవు, ఏ పూట, ఎంత బరువు, అన్నీ చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కాంపౌండరుగారికి నా దండాలు చెప్పు. మా గదిలో నలభై బకెట్లు, వాటిలో తడి మట్టి, ఒక్కో బకెట్లో జంట జంటగా పురుగులు. మా అంతస్తులో ఎవరూ నాతో టీకి రావడం లేదు. టైపిస్టు నేను లిఫ్టెక్కితే మెట్లెక్కుతోంది.

అసలు సంగతికొస్తాను. ఎర్ర బకెట్లలో తల్లి పురుగులు బతికాయి, ఉండలు చేశాయి, గుడ్లు పెట్టాయి. పిల్లలు మాత్రం గోరంత కాకముందే చచ్చిపోయాయి. ఇది నేను అనుకున్నదే. కానీ తెల్ల బకెట్లలో కూడా అంతే, పిన్నీ. ఒక్క పిల్ల మిగల్లేదు. రెండూ ఒకేలా ఉంటే మందు వల్ల తేడా ఏమీ లేదని రాయాలి. నా చెయ్యి ఒప్పుకోవడం లేదు. ఏప్రిల్లో చల్లబరిచే యంత్రం రెండు రోజులు ఆగిపోయింది, నేను సెలవులో ఉన్నాను. ఆ వేడికి పోయాయేమోనని యంత్రాన్ని అనుమానిస్తున్నాను, దాన్ని చూసుకోని నన్ను నేను తిట్టుకుంటున్నాను.

అక్కడ అంతా సవ్యంగానే ఉంది కదా? నల్లావు ఈనిందా?

నీ,
పేడపురుగు

*

పశువుల ఆసుపత్రి.
మే 22

అమ్మాయికి,

నల్లావు ఈనింది. పెయ్య. తల్లీ పిల్లా బాగున్నాయి. పాలాయన మొహం చూడాలి.

యంత్రాల సంగతి, బకెట్ల సంగతి నాకేం తెలుస్తుంది. ఈసారి పేడ వేళకే తీశాం. ఎండలు మండిపోతున్నాయి. కాంపౌండరు ఈ మధ్య గుడ్లగూబల్ని తిట్టడం మానేశాడు, ఊడవడానికి ఏమీ ఉండటం లేదట. ఏప్రిల్ సీసాలో అడుగున నాలుగు డొప్పలున్నాయి. ఎండలకే అయి ఉంటుంది.

వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు, ఉంటాను.

పిన్ని

*

మూడో అంతస్తు, చివరి గది.
జూన్ 19

పిన్నీ,

పోయిన ఉత్తరంలో నువ్వు నన్ను 'అమ్మాయి' అన్నావు. ఒంట్లో బాగాలేదా? నా మీద కోపమైతే నేరుగా తిట్టు, నీ తిట్లు నాకు అలవాటే.

ఇక్కడ నా పని గంగలో కలిసింది. కింది అంతస్తులో రసాయన పరీక్షకి రెండు పేడలూ ఇచ్చాను. తెల్ల బిళ్ల పేడలో కూడా మందు ఉందని కాగితం వచ్చింది. ఒక డబ్బాలో కాదు, అన్నింట్లో. మందు వెయ్యని ఆవు పేడలోకి మందు ఎలా వస్తుంది? దానికి దారి ఒక్కటే కనిపించింది. డబ్బాలు విప్పి బకెట్లకి పంచేటప్పుడు నేనే చీటీలు తారుమారు చేసి ఉంటాను. ఎప్పుడు చేశానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తు రానంత మాత్రాన చెయ్యలేదనలేను కదా.

పొరపాటు నాదేనని రాసి పెద్దమేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుని, "ఇది నీ మొదటి నివేదిక కదమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది. ఈ పరీక్ష చెల్లదు. కంపెనీ కాగితాల మీదే సెప్టెంబరులో అనుమతి వెళ్తుంది. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు, నా ఉద్యోగం ఖాయం కావడం ఈ నివేదిక మీదే ఆధారపడి ఉంది. వచ్చే నెల నుంచి నన్ను పాత ఫైళ్ల గదికి మారుస్తారేమో. అక్కడైనా పురుగులుంటాయిలే, కాగితం తినేవి.

నువ్వు బాధపడకు. నువ్వు చేసిన పనిలో ఒక్క పొరపాటు లేదు. ఈ వయసులో మోకాళ్ల నొప్పులతో బీడంతా తిరిగి నా కోసం పేడ ఎత్తించావు. నేను దాన్ని పాడుచేశాను. నన్ను క్షమించు, నీకు రుణపడి ఉంటాను.

నీ,
పేడపురుగు

*

పశువుల ఆసుపత్రి,
వెనక గది, తలుపు వేసుకుని.
జూన్ 22

నా తల్లీ,

వ్యాను కోసం ఆగలేదు. కాంపౌండరుని బస్సెక్కించాను. ఇది నీ చేతిలో పెట్టి, నువ్వు చదివేదాకా అక్కడే నిలబడమన్నాను.

చీటీలు నువ్వు మార్చలేదు. తెల్ల బిళ్ల ఆవులకి నేనే మందు వేశాను.

మార్చి 24 పొద్దున పాలాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెళ్లి చూస్తే నల్లావు లేవలేకపోతోంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది, కడుపులో దూడ. ఫ్రిజ్‌లో ఆ ఎక్కువ సీసా ఉంది. వేశాను. తలెత్తి చూస్తే మిగతా ఐదూ కంచె దగ్గర వరసగా నిలబడి నా వైపే చూస్తున్నాయి. వాటికీ వేసేశాను. వేసినంతసేపూ మనసుకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తెల్లది పక్కన పోల్చుకోవడానికే కదా, దాంతో పెద్ద పనేముందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు తెలుసు. 'ఏ మందూ అంటే ఏ మందూ' అని నువ్వు రెండుసార్లు రాశావు.

నల్లావుకి వెయ్యడం తప్పు కాదు, అలాంటి ఆవు కనిపిస్తే రేపైనా వేస్తాను. వేసి, దాని చెవి బిళ్ల తీసేసి, ఆ రోజే నీకు ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నువ్వు దాన్ని వదిలేసి ఐదింటితో నడిపించుకునేదానివి. ముందు బద్ధకించాను, తర్వాత సిగ్గేసింది. మే నెలలో నువ్వు యంత్రాన్ని అనుమానిస్తే హమ్మయ్య అనుకున్నాను. నేను హమ్మయ్య అనుకున్న రోజు నువ్వు నిన్ను తిట్టుకుంటున్నావు. ఇప్పుడేమో నా తప్పు నీ పేరు మీద రాసి ఇచ్చావు, పైగా నన్నే క్షమించమంటున్నావు.

ఆసుపత్రి కాగితం మీద మీ పెద్దమేడమ్‌కి విడిగా రాశాను. ఏ ఆవుకి ఏ రోజు ఎంత వేశానో అన్నీ ఉన్నాయి, కింద నా సంతకం, ముద్ర ఉన్నాయి. ఆవిడ చేతికిచ్చాకే కాంపౌండరు తిరిగొస్తాడు.

అతని వెంట రెండు చెక్కపెట్టెలు వస్తున్నాయి, నీ సీసాలు. మొన్న నీ ఉత్తరం చదివి మందుల గదిలో కూర్చుండిపోయాను. ఎదురుగా అలమర. పోయిన ఏడాది ఏప్రిల్ సీసా మెడదాకా ఉంది. ముందటేడు ఎండలకి చెరువు ఎండిపోయింది, ఆ ఏప్రిల్ సీసా కూడా మెడదాకానే ఉంది. ఈ ఏడాది మే సీసాలో ఏమీ లేదు. కాంపౌండరు ఖాళీ సీసాకే చీటీ అంటించి పెట్టాడు. గుడ్లగూబలకి ఈసారి పిల్లలు నిలవలేదు. పదిహేను రోజుల నుంచి జంట కూడా కనిపించడం లేదు. ఎండలకే అని నీకు రాసినప్పుడే కారణం నాకు తెలుసు. పదమూడేళ్ల సీసాలివి, నీకు ఎందుకైనా పనికొస్తాయేమో చూడు. పనికి రాకపోతే అవి ఎలాగూ నీవే.

నీ మీద నాకు కోపం ఎందుకుంటుందే. నీ మొహం చూడటానికి నాకే మొహం చెల్లలేదు.

పిన్ని

*

మూడో అంతస్తు, చివరి గది.
సెప్టెంబరు 12

పిన్నీ,

ఇన్నాళ్లూ రెండు ముక్కల కార్డులే రాశాను. అంతకుమించి రాయడానికి మనసు ఒప్పుకోలేదు. నిజం చెబుతున్నాను, చాలా కోపం వచ్చింది. నీ ఉత్తరం సొరుగులో పెట్టి రెండు రోజులు తాళం వేశాను. నేను చీటీలు మార్చానేమోనని తల పట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇంకెవరైనా అయితే జన్మలో మాట్లాడేదాన్ని కాదు. ఇది నీకు చెప్పకుండా మిగతాది రాయలేను.

ఇప్పుడు మిగతాది విను. పెద్దమేడమ్ నీ కాగితం చదివి పెట్టెలు విప్పించారు. కాంపౌండరుగారిని కూర్చోబెట్టి అడిగారు, ఊడ్చేది రోజూనా, ఎవరు ఊడుస్తారు, మధ్యలో ఎప్పుడైనా మానేశారా అని. "నా కంటి ఆపరేషనప్పుడు రెండు నెలలు లేవు మేడమ్, ఆ రెండు సీసాలూ వెతక్కండి," అన్నారాయన. ఆ మాటతో ఆవిడకి నమ్మకం కుదిరింది. తెల్ల కాగితాలు పరిచి, ముగ్గురం నేల మీద కూర్చుని తొమ్మిది రోజులు డొప్పలు లెక్కపెట్టాం. మూడో మనిషి టైపిస్టు, ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఎండలు దంచిన ఏళ్లలోనూ, వానలు ముంచిన ఏళ్లలోనూ ఏప్రిల్ సీసాలో రెండు వందలకి తగ్గలేదు. ఈ ఏడాది నాలుగు. మేలో సున్నా. ముసలి పురుగులు పోయాయి, వాటి చోట కొత్తవి పుట్టలేదు.

పెద్దమేడమ్ ఏమన్నారో తెలుసా? "రైతు తన పన్నెండు ఆవులకీ వేస్తాడు కానీ ఆరింటికి వేసి ఆగుతాడా? అనుమతి వచ్చాక ప్రతి బీడులో జరగబోయేది ఈవిడ బీడులో ముందే జరిగిపోయింది," అన్నారు. ఒక్క బీడుతో తీర్మానించలేం అని కూడా అన్నారు. అందుకని వేరే మందలో మందు ఎరగని ఆవుల పేడ తెప్పించి, కొత్త పురుగులతో మళ్లీ బకెట్లు నింపాం. పోయిన వారం ఆ బకెట్లు తిరగేశాను. పిన్నీ, తెల్లగా, లావుగా, ముడుచుకుని పడుకున్న పిల్లలు, బకెట్ నిండా. ఒక్కొక్కటీ రెండుసార్లు లెక్కపెట్టాను. పక్కన, ఐసులో దాచిన ఎర్ర బిళ్ల పేడ వేసిన బకెట్లలో మళ్లీ ఏమీ లేవు.

నివేదిక వెళ్లింది. మంద మొత్తానికి ఒకేసారి వెయ్యకూడదు. పేడ పరీక్ష చేసి రోగమున్న పశువుకే వెయ్యాలి. వేసిన పశువుని మందు దిగిపోయేదాకా బీడుకి తోలకూడదు, దాని పేడ గోతిలో వేసి కప్పాలి. ఈ షరతులు మందు డబ్బా మీద అచ్చు వెయ్యాలి. కింద నా సంతకం ఉంది. ఉద్యోగం ఖాయమైంది. "ఆవిడ తప్పు నువ్వు మోస్తావు, ఆవిడకి నిజం చెప్పడానికి మాత్రం మూడు నెలలు పడుతుంది," అని పెద్దమేడమ్ చీవాట్లు పెట్టారు. నీ ఆసుపత్రిని మూడేళ్లు మా పరీక్షల జాబితా నుంచి తీసేశారు. నేను అడ్డు చెప్పలేదు. చెప్పకూడదని నీకూ తెలుసు.

ఆ సీసాల సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. పదమూడేళ్ల పిల్ల బస్సెక్కుతూ అన్న మాట అది. నేను మర్చిపోయిన మాటని నువ్వు నెల నెలా నిలబెడుతూ వచ్చావు. నువ్వు చేసిన తప్పు పెద్దది, కానీ దాన్ని దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, నన్ను ఫైళ్ల గదికి పంపేసేవారు, మందు బీళ్ల మీద పడేది. రాయడానికి నీకు ఎంత కష్టమైందో నీ అక్షరాలు చూస్తేనే తెలిసింది, ఎన్నడూ లేనిది గీతలు వంకరపోయాయి. నీ దగ్గర పెరిగినందుకు నాకు చాలా గర్వంగా ఉంది. నీకు నా కృతజ్ఞతలు, మాటవరసకి కాదు, మనసారా.

నీ,
పేడపురుగు

*

పశువుల ఆసుపత్రి,
వెనక గది.
నవంబరు 2

పేడపురుగుకి,

నీ కోపం చదివాకే నాకు సరిగ్గా నిద్రపట్టింది. తిట్టకుండా వదిలేసి ఉంటే నిన్ను ఎప్పటికీ పోగొట్టుకున్నానని అనుకునేదాన్ని. జాబితా నుంచి తీసెయ్యడం న్యాయమే. కాంపౌండరు మాత్రం మీ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టిన సంగతి ఇక్కడ కనిపించిన ప్రతి గేదెకీ చెబుతున్నాడు.

నేను ఎవరికీ థ్యాంక్స్ చెప్పే మనిషిని కానని మీ అమ్మ అంటుంది. నీకు చెబుతున్నాను. నా మీద అనుమానం రావాల్సిన చోట నీ మీద నువ్వు అనుమానపడ్డావు. నన్ను అంత నమ్మిన మనిషి నాకు ఇంకెవరూ లేరు. ఆ నమ్మకమే నా చేత నిజం రాయించింది. బతికినన్నాళ్లూ మర్చిపోను.

పాలాయన మందని మొన్న మళ్లీ పరీక్ష చేశాను. పెయ్యతో కలిపి పదమూడు పేడలూ అద్దం కింద పెట్టి చూస్తే నులిపురుగుల గుడ్లున్నవి రెండే. నల్లావుకి అక్కర్లేదు. పెయ్యకి కావాలి, ఇంకో ముసలావుకి కావాలి. రెండింటికే వేశాం. పాలాయన ఈసారి పాపం గురించి అడగలేదు. షెడ్డు వెనక తనే గొయ్యి తవ్వి, దాని మీద రేకు కప్పి, "పురుగులు మన పనివాళ్లట కదా డాక్టరమ్మా, ఈ ఎండాకాలమంతా బీడులో పేడ ఎండి అట్టలు కట్టిందెందుకో ఇప్పుడర్థమైంది," అన్నాడు.

ఇంకో కబురు. ఇరవై రోజుల కింద పొద్దున్నే మందుల గదిలోంచి కాంపౌండరు గొంతు వినిపించింది. ఎవరి వంశాన్నో తాతల దగ్గర్నుంచి తిడుతున్నాడు. బాగున్న నా కుడి చెవికి ఇంత కమ్మటి తిట్లు ఎన్నడూ తగల్లేదు. వెళ్లి చూస్తే వెంటిలేటరు కింద ఆరు డొప్పలు, పైన రెండు గుండ్రటి మొహాలు. పాతవేనో కొత్త జంటో నాకు తెలియదు, అడిగితే చెప్పవు. అక్టోబరు సీసాలో మొత్తం ముప్పై ఒకటి.

ఖాళీ మే సీసా నీ దగ్గరే ఉంచుకో, నీ బల్ల మీద పెట్టుకో. మిగతావి నెమ్మదిగా తిప్పి పంపు, దూదికి వేరే అలమర చేయించాను. ఎప్పుడు ఆపాలో నువ్వు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పకు. అంటించే చీటీలు అయిపోయాయి, పోస్టులో ఒక కట్ట పంపు.

పిన్ని